మధుమేహమును మన తీరపు మూలికలును

మైపాడు మొదలుకొని కోడూరు, కృష్ణపట్టణముల మీదుగా పులికాటు సరస్సు వఱకు వ్యాపించిన మన ఇసుకనేలలో, సరుగుడు తోపుల యంచులను, ఇండ్ల దడుల ప్రక్కలను, సమాధుల తోటలలోను, ఎవరును నాటకయే పెరుగు పూమొక్క యొకటి కలదు. మోకాలెత్తునకు మించి అంతగా పెరుగదు. గులాబివన్నెవియు తెల్లనివియు నగు ఐదు రేకుల పూవులను సంవత్సరము పొడవునను పూయుచుండును. ఆకు మిక్కిలి చేదు. మేకలు సైతము దాని జోలికి పోవు. మనవారు దానిని బిల్లగన్నేరు అందురు. చూచువారి కిది మన దేశపు మొక్కయే యని తోచును గాని, దీని పుట్టినిల్లు ఆఫ్రికా ఖండమునకు తూర్పున నున్న మడగాస్కరు ద్వీపము. ఓడలతోడను, తోటల వేడుకతోడను ఉష్ణదేశము లన్నిటికిని ప్రాకి, పోయిన చోట నెల్ల పేదవాని పెరటివైద్యములో చేరినది. జమైకాలోను, ఫిలిప్పీను దీవులలోను, మన దేశమునను దీని ఆకుల కషాయమును మధుమేహమునకు త్రాగుట చిరకాలముగా నున్న వాడుక.

ఈ మొక్కను గూర్చియు, దీనివంటి మఱికొన్నిటిని గూర్చియు ఈ సంచికలో వ్రాయుటకు మాకొక కారణము కలదు. "ఈ ఆకులు నమలినచో సూదిమందు మానివేయవచ్చునట గదా?" యని తల్లిదండ్రు లడుగుట మేము వినుచున్నాము. అడిగి ఊరకుండిన బాధ లేదు. మానివేయువారును కలరు. పెద్దల విషయమున ఆ తప్పునకు శిక్ష మెల్లగా వచ్చును. కన్నులకు, మూత్రపిండములకు, కాళ్లకు ఏండ్ల మీదట హాని కలుగును. బిడ్డల విషయమున నట్లు కాదు. కొలది దినములలోనే ప్రాణము మీదికి వచ్చును. అందుచేత ఈ మూలికలలో సత్యమెంత, వాడుకమాట ఎంత యనునది మా విద్యార్థులు ఎఱిగి, ఇంటికడ చెప్పగలుగుట మంచిదని తలంచితిమి.

మొదట శరీరమున జరుగు పని యెట్టిదో తెలిసికొనవలెను. మన దేహములో కొన్ని గ్రంథులు తమ రసములను నాళముల గుండ గాక నేరుగా నెత్తురులోనికి విడుచును. ఆ రసములు దూరముననున్న అవయవములకు పోయి, ఇది చేయుము, ఇది మానుము అని ఆజ్ఞాపించును. వీనికి 'హార్మోను' అను పేరును 1905లో స్టార్లింగు అను ఆంగ్లేయ శరీరశాస్త్రజ్ఞుడు పెట్టెను. కంఠమునందలి థైరాయిడు గ్రంథి, స్త్రీల అండకోశములు, మూత్రపిండముల పైనుండు అధివృక్క గ్రంథులు, కడుపు వెనుక నుండు క్లోమము, ఇవి యన్నియు నట్టివే. క్లోమమున అక్కడక్కడ దీవులవలె నుండు కణముల గుంపులను 1869లో లాంగర్హాన్సు అను జర్మను విద్యార్థి కనుగొనెను. అప్పటి కతడు చదువుకొనుచున్నవాడే యని మా పెద్ద తరగతుల వారు గమనింతురు గాక. ఆ దీవులనుండి వచ్చు హార్మోనే ఇన్సులిను.

మనము తిను అన్నము, నెల్లూరు మొలగొలుకులైనను సరే, గోధుమరొట్టె యైనను సరే, ప్రేవులలో కరగి గ్లూకోజు అను చక్కెరగా మారి నెత్తురులో చేరును. ఆ చక్కెర కండలలోనికి పోయి బలముగా మారవలెనన్న ఇన్సులిను ఆజ్ఞ యుండవలెను. ఆజ్ఞ లేనిచో చక్కెర నెత్తురులోనే నిలిచి, మితిమీరి, మూత్రము వెంట పోవును. మూత్రమునకు చీమలు పట్టుటను మన ప్రాచీన వైద్యులు చూచి దానికి మధుమేహమని పేరిడిరి. ఈ వ్యాధి ముఖ్యముగా రెండు విధములు. ఒక విధమున క్లోమములోని ఆ కణములే నశించును. ఇన్సులిను పుట్టనే పుట్టదు. ఇది తఱచుగా బాల్యమున వచ్చును. రెండవ విధమున ఇన్సులిను పుట్టును గాని దేహము దాని మాట సరిగా వినదు. క్రమముగా క్లోమము కూడ అలసిపోవును. పెద్దలలో మనము చూచునది ఎక్కువగా నిదియే. ఈ రెంటికిని గల భేదమును మఱచుటయే సగము అనర్థములకు మూలము. మూలికలను గూర్చి చెప్పబడు మంచి యంతయు రెండవ విధమునకు సంబంధించినది. క్లోమమున కణములే లేనివానికి ఏ ఆకును ఇన్సులినును పుట్టింపలేదు.

1921వ సంవత్సరపు వేసవిలో కెనడాలోని టొరంటో నగరమున బాంటింగు అను యువ వైద్యుడు కుక్కల క్లోమమునుండి ఈ రసమును తీయ ప్రయత్నించెను. అతనికి సాయముగా నుండుటకు ఇద్దఱు విద్యార్థు లుండిరి. ఒకడు చార్లెసు బెస్టు, రెండవవాడు క్లార్కు నోబులు. ముందెవరు పని చేయవలెనో నాణెమెగురవేసి తేల్చుకొనిరి. బెస్టు గెలిచెను. 1922 జనవరి నెలలో లియోనార్డు థాంప్సను అను పదునాలుగేండ్ల బాలునికి ఆ రసమును సూదితో ఎక్కించిరి. మొదటి మారు అది శుద్ధముగా లేక పని చేయలేదు. కాలిప్ అను రసాయనజ్ఞుడు దానిని శుద్ధి చేసిన పిమ్మట, అదే నెల 23వ తేదీన ఇచ్చినప్పుడు ఆ బాలుని చక్కెర దిగెను. అంతకుముందు ఆ వ్యాధి సోకిన బిడ్డలు ఏడాది రెండేండ్లలో ఎండి చనిపోవుట తప్ప వేఱు గతి లేకుండెను.

నాణెమాటలో ఓడిన క్లార్కు నోబులు సంగతి ఇచట మఱల వచ్చును. 1952లో జమైకానుండి ఆయనకొక కవరు వచ్చెను. అందు ఇరువదియైదు ఆకు లుండెను. అవి మన బిల్లగన్నేరు ఆకులే. ఇన్సులిను దొరకని చోట మధుమేహులు ఈ ఆకుల కషాయమును త్రాగుచున్నారని పంపినవారు తెలిపిరి. నోబులు వాటిని తన సోదరుడును వెస్టరను ఒంటారియో విశ్వవిద్యాలయమున పరిశోధకుడును నగు రాబర్టు నోబులునకు పంపెను. ఆయన కషాయమును ఎలుకలకు త్రాగించెను, చక్కెర తగ్గలేదు. నెత్తురులోనికి ఎక్కించి చూచెను. అప్పుడును చక్కెర తగ్గలేదు గాని, ఎలుకలు వారము దినములలో రోగములు సోకి చచ్చెను. కారణమేమని చూడగా వాని నెత్తురులోని తెల్లకణములు క్షీణించియుండెను. మధుమేహమునకు మందు కాదని ఆ ఆకులను అంతటితో పాఱవేసినను ఎవరును తప్పు పట్టియుండరు. ఆయన అట్లు చేయలేదు. తెల్లకణములు మితిమీరి పెరుగు వ్యాధి యొకటి కలదు గదా, అది రక్తపు కాన్సరు. దానికి ఈ విషము మందు కావచ్చునని తలంచెను. చార్లెసు బీరు అను రసాయనజ్ఞుడు 1954లో ఆయనతో చేరెను. ఇరువురును ఆ ఆకులనుండి విన్‌బ్లాస్టిను అను క్షారమును వేఱు చేసి 1958లో ప్రకటించిరి. అదే కాలమున అమెరికాలో ఎలై లిల్లీ అను మందుల కంపెనీ వారును ఈ మొక్కనే పరీక్షించుచుండిరి. వారి పరిశోధనాలయమున విన్‌క్రిస్టిను బయటపడెను. 1963లో దానిని వాడుటకు అమెరికాలో అనుమతి లభించెను. బిడ్డలకు వచ్చు రక్తపు కాన్సరునకు నేటికిని ముఖ్యమైన మందులలో నిది యొకటి. బండ్లకొలది ఎండుటాకులనుండి గ్రాముల లెక్కన మాత్రమే దొరకును. తమిళదేశమునను ఆంధ్రదేశమునను ఈ మొక్కను పొలములలో సాగుచేసి ఆకులను, వేళ్లను అమ్ముటయు కలదు.

ఇందు మేము చెప్పవలసినది స్పష్టమే. ఏ వ్యాధికై జనులు బిల్లగన్నేరును త్రాగిరో దాని విషయమున ఆ ఎలుకలలో గుణము కనబడలేదు. ఏ గుణమును వారెఱుగరో అది గొప్పది. పైగా ఆ గుణమే ప్రమాదము. తెల్లకణములను చంపు క్షారములు గల ఆకును ప్రతి యుదయమున నమలుట క్షేమమని ఎవరు చెప్పగలరు? ఊరికే పూచినది గనుక ఊరికే మేలు చేయుననుకొనరాదు.

ఇక పొడపత్రి. ఇది తీగ. మనకు పడమటనున్న వెలిగొండలలోను, శేషాచలపు అడవులలోను చెట్లకు ప్రాకుచుండును. దీని ఆకును నమలి పిమ్మట పంచదార నోట వేసికొన్నచో ఇసుకవలె నుండునే గాని తీపి తెలియదు. అరగంట మొదలు గంట వఱకు నాలుక అట్లే యుండును. పులుపు మున్నగు తక్కిన రుచులకు అంత లోపము లేదు. ఈ వింతను ఎడ్జివర్తు దొర 1847లో లండనులోని లిన్నేయ సమాజమునకు తెలిపెను. నలువదేండ్ల పిమ్మట, 1887లో, ఉదకమండలమున సర్కారు రసాయనజ్ఞుడుగా నుండిన డేవిడు హూపరు ఈ ఆకులోని గుణకారకమును వేఱు చేసి జిమ్నీమికామ్లమని పేరు పెట్టెను. ఇప్పుడు తెలిసినంతలో ఆ పదార్థము నాలుకపై తీపిని గుర్తించు కణములకు అడ్డుపడి, చక్కెర వచ్చి తగులకుండ చేయును. ప్రేవులలోను కొంత అట్లే చేయునని యూహింతురు.

దీని పేరును సంస్కృతమున మధునాశిని యని పెట్టిరి. పేరు చూచి నమ్మువారు చాలమంది. నమ్ముటకు కొంత ఆధారము లేకపోలేదు. మద్రాసు విశ్వవిద్యాలయ పరిశోధకులు రెండవ విధపు మధుమేహము గల ఇరువదిరెండు మందికి, వారు వాడుచున్న మాత్రలతో పాటు, ఈ ఆకుల సారమును దినమునకు 400 మిల్లీగ్రాముల వంతున పదునెనిమిది మొదలు ఇరువది నెలల వఱకు ఇచ్చి, ఫలితములను 1990లో ప్రకటించిరి. చక్కెర తగ్గెను, ఐదుగురు మాత్రలు మానగలిగిరి. ఇది మంచి వార్తయే. అయితే ఇరువదిరెండు మంది ఇరువదిరెండు మందియే. పైగా, ఏది మందో ఏది ఉత్తపొడియో రోగికిని వైద్యునికిని తెలియకుండ ఇచ్చి చూచు పరీక్ష యొకటి కలదు. మనస్సు చేయు మాయను తొలగించుటకు దానికి మించిన ఉపాయము లేదు. ఇది యట్టిది కాదు. వైద్యుని కనుసన్నలలో వారు మాత్రలను తగ్గించిరే గాని, తమంత తాము మానలేదనుటయు మఱవరాదు.

మన వంటయింటి మెంతుల విషయము ఇంతకంటె తేటగా నున్నది. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ, అనగా 1918లో కూనూరున మెకారిసను దొర క్రింద చిన్న విచారణగా ప్రారంభమై 1958లో హైదరాబాదునకు వచ్చిన సంస్థ, మెంతులను శ్రద్ధగా పరీక్షించినది. అచటివారు 1990లో ప్రకటించిన యొక పరీక్షలో, ఇన్సులిను తీసికొనుచున్న రోగులకు, నూనె తీసిన మెంతిపిండిని దినమునకు నూఱు గ్రాములు రెండు పూటల ఆహారములో కలిపి పదిదినములు పెట్టిరి. పరగడుపున నుండు చక్కెర తగ్గెను. మూత్రము వెంట పోవు చక్కెర నూటికి ఏబదినాలుగు వంతులు తగ్గెను. ఇన్సులినును మాత్రము ఆపలేదు. దీని కారణము మన ఆడువారు ఎఱిగినదే. మెంతులను నానబెట్టిన జిగురు వచ్చును గదా? ఆ జిగురు ప్రేవులలో అన్నమును చుట్టుకొని, చక్కెర నెత్తురులోనికి పోవుటను నెమ్మదింపజేయును. అందుకే మెంతులను ఔషధమనుట కంటె ఆహారమనుట మేలని మా యభిప్రాయము. నూఱు గ్రాములు తినుట యెట్లో ఒకసారి తూచి చూచినవారికి తెలియును! కాకరకాయ సంగతి ఒక్క మాటలో చెప్పవచ్చును: కాక్రేను సంస్థవారు లోకమున జరిగిన పరీక్షలను 2012లో ఏర్చి చూచి, అది మధుమేహమునకు మందనుటకు చాలినంత ఆధారము లేదనిరి. కూరగా తినుటకు ఆక్షేపణ లేదు.

మూలికలనుండి మందు రాదని మేము చెప్పుచున్నట్లు ఎవరును తలంపకుందురు గాక. నేడు మధుమేహమునకు మొట్టమొదట ఇచ్చు మాత్ర మెట్‌ఫార్మిను. దీని పూర్వకథ గలీగా అను ఐరోపా పూమొక్కలో నున్నది. పూర్వమచటి పల్లెవైద్యమున దానిని వాడుచుండిరి. అధికముగా మేసిన గొఱ్ఱెలు చచ్చుచుండెను. అందు గ్వానిడీను జాతికి చెందిన పదార్థముండెను. గ్వానిడీను చక్కెరను తగ్గించునని 1918లో తెలిసినది. ఆకునుండి తీసిన గలీగీనును 1920-30 నడుమ మనుష్యులకు ఇచ్చి చూచిరి గాని, విషగుణము వలన విడిచిరి. దాని దూరపు చుట్టమగు మెట్‌ఫార్మినును 1922లోనే డబ్లినులో వెర్నరు, బెల్ అనువారు చేసియుండిరి. అది మధుమేహమునకు పనికివచ్చునని పారిసులో జీన్ స్టెర్ను అను వైద్యుడు 1957లో ప్రకటించెను. అమెరికాలో 1994 వఱకు అనుమతి రాలేదు. అండకోశములలో నీటిబుడగలు ఏర్పడి ఋతుక్రమము తప్పు స్త్రీలకును నేడు వైద్యులు దీనినే తఱచుగా ఇచ్చుచున్నారు. ఆకులోని విషమును విడిచి గుణమును మాత్రము నిలుపుకొనుటకు నలువదేండ్లు పట్టినదని గ్రహింపవలెను.

స్త్రీల హార్మోనుల కథయు నిట్టిదే. 1942లో రస్సెలు మార్కరు అను అమెరికను రసాయనజ్ఞుడు మెక్సికో అడవులలో ఒక జాతి పెండలపు గడ్డను వెదకి తెచ్చి, దానిలోని డయోస్జెనిను అను పదార్థమునుండి ప్రొజెస్టిరోను అను స్త్రీహార్మోనును చేసెను. తరువాతి సంవత్సరము మెక్సికో నగరమున సుమారు మూడు కిలోలు చేసి చూపెను. అంతవఱకు అది గ్రాములలో దొరకుటయే దుర్లభము. డయోస్జెనిను మన మెంతులలోను కలదు. అది చూచి, మెంతులు తిన్న ఆడువారికి హార్మోను పెరుగునని వ్రాయువారు పుట్టిరి. ఇది పొరపాటు. డయోస్జెనినును ప్రొజెస్టిరోనుగా మార్చునది రసాయనజ్ఞుని కుండయే గాని మనుష్యుని కడుపు కాదు. ఆ మార్పు చేయు సాధనము మన దేహమున లేదు.

ఇప్పుడు మన పెరళ్లలోని మఱియొక మొక్కను గూర్చి. ఆకులు మెట్లవలె కాడను చుట్టుకొని పెరుగు నొక దుంపజాతి మొక్కను 'ఇన్సులిన్ మొక్క' యని పేరు పెట్టి నర్సరీలలో అమ్ముచున్నారు. నెల్లూరున అది లేని వీధి అరుదు. అది దక్షిణ అమెరికానుండి వచ్చినది. దానిలో ఇన్సులిను లేదు. ఉన్నదనుకొన్నను ప్రయోజనము శూన్యము. ఏలయన ఇన్సులిను మాంసకృత్తు. నోట వేసికొన్నచో గ్రుడ్డును, పప్పును జీర్ణించునట్లే కడుపు దానిని జీర్ణించివేయును. సూదితో ఎక్కించుట అందుకే. మొక్కకు పెట్టిన పేరు వలననే కొందఱు సూదిని మానుచున్నారన్నచో, ఆ పేరు పెట్టినవా డెవడో కాని మేలు చేయలేదు.

అడవిమూలికల విషయమున నిజమైన జ్ఞానము మన తీరమున లేకపోలేదు. 1971లో రాకెట్లు ఎగురుటకు ముందు శ్రీహరికోట ద్వీపమున యానాదులు తరతరములుగా నుండిరి. తేనె, ముష్టిగింజలు, వేళ్లు తెచ్చి ఇచ్చుట వారి వృత్తి. ఏ వేరు ఏ ఋతువున తీయవలెనో, ఏది విషమో వారికి తెలిసినంత పుస్తకములు చదివిన మాకు తెలియదు. అట్టి జ్ఞానమును పరీక్షించి గ్రహింపవలెనే గాని పరిహసింపరాదు. 2021 మే నెలలో కృష్ణపట్టణమున కొవిడు మందని పంచిన మూలికాలేహ్యమునకై వేలకొలది జనులు వచ్చి త్రోవలు నిండిపోవుట మనమెల్ల నెఱుగుదుము. ప్రభుత్వమువారు దానిని ఆపి, పరీక్షింపజేసి, కంటిచుక్కలు తప్ప తక్కినవానిని ఆ నెల చివర అనుమతించిరి. హానిలేదనుట వేఱు, వ్యాధిని మాన్పుననుట వేఱు. ఈ రెంటిని ఒకటిగా చదివినవారే ఎక్కువ.

మందుల యంగళ్లలోను, చేతిఫోనులలోను 'మధుమేహమును వేళ్లతో పెకలించెదము' అను ప్రకటనలు కనబడుచుండును. 1954లో మన పార్లమెంటు చేసిన చట్టము ననుసరించి మధుమేహమును మాన్పెదమని ప్రకటన చేయుట నేరము. ఆ పట్టికలో గళగండము కూడ కలదు. కొన్ని దేశములలో 'శుద్ధ మూలికాచూర్ణ' మని అమ్మిన పొడులను పరీక్షింపగా, చక్కెరను దింపు గ్లిబెన్‌క్లమైడు అను ఇంగ్లీషు మందు కలిపియుండుట బయటపడినది. ఆ పొడి 'పని చేసినది' అనుటలో ఆశ్చర్యమేమున్నది?

మూలిక వాడదలచినవారు వైద్యునికి చెప్పి వాడవలెను. దాచి వాడుటలోనే చిక్కున్నది. మాత్రయు మూలికయు కలిసి చక్కెరను మితిమీరి దింపవచ్చును. అప్పుడు చెమటలు పోయును, చేతులు వణకును, ఆకలి దహించును, మాట తడబడును. అట్టివానికి వెంటనే మూడు నాలుగు చెంచాల పంచదారను నీటిలో కలిపి త్రాగింపవలెను. పావుగంటలో తేరుకొననిచో మఱల ఇయ్యవలెను. పొడపత్రి నమలినవాడైనచో అది తీపిగా లేదని గొణుగును; అయినను త్రాగింపవలెను. స్పృహ తప్పినవాని నోట నీరు గాని, చక్కెర గాని పోయరాదు. వెంటనే ఆసుపత్రికి చేర్పవలెను. ఇక ఇన్సులిను మానిన బిడ్డ కడుపునొప్పి యనుచు, వాంతులు చేసికొనుచు, రొప్పుచు, ఊపిరి మ్రగ్గిన పండు వాసన కొట్టుచున్నచో, అది అజీర్ణమని శొంఠి నూరుచు కూర్చుండరాదు. రాత్రియైనను సరే, ఆ గంటలోనే ఆసుపత్రికి తీసికొనిపోయి, సూది మానిన దినము మొదలు జరిగినదంతయు, నమలిన ఆకు పేరుతో సహా, వైద్యునికి చెప్పవలెను.